మూడో స్తంభం కింద మనిషి

మూతపడ్డ ప్రెస్సు పక్క వీధి మంచిది కాదని మా పేటలో అందరికీ తెలుసు. పగలు బాగానే ఉంటుంది. రాత్రి రెండు దాటిందంటే అక్కడి మూడో దీపస్తంభం కింద ఒక ఆడమనిషి నిలబడుతుంది... కదలదు, పిలవదు. గుండె మీద చేయి పెట్టుకొని బుసలు కొట్టినట్టు ఊపిరి తీసుకుంటుంది.

ప్రియుడి కోసం ఎదురుచూసి చచ్చి దెయ్యమైన పిల్ల అని నేనెప్పుడో తేల్చేసుకున్నాను. తలుచుకొని రెండుసార్లు ఏడ్చాను కూడా.

మా బావ రొట్టెల వ్యాన్ నడుపుతాడు. మొన్న రాత్రి పెద్దరోడ్డు తవ్వేసి ఉంటే, గతిలేక ఆ వీధిలోకి తిప్పాడు. ఇదంతా ఆయన నోటితో చెప్పిందే.

మొదటి స్తంభం దాటింది. రెండోది దాటింది. మూడోదాని కింద... ఉంది.

బూడిదరంగు శాలువా. విరబోసిన జుట్టు. వ్యాన్ వెలుగు మీద పడినా తలెత్తలేదు.

బావ బ్రేకు తొక్కాడు. దేవుణ్ణి తలుచుకుందామంటే నోటికి మా అక్క పేరే వచ్చిందట. అప్పుడు చూశాడు — ఆమె కాళ్లకి చెప్పులు, నుదుటి నిండా చెమట. దెయ్యానికి చెమటేమిటి?

దిగాడు.

"ఏమైందమ్మా? ఒంట్లో బాలేదా?"

పెదాలు కదిలాయి. మాట రాలేదు. చూపు మాత్రం వెనక్కి, మొదటి స్తంభం పక్కన తెరిచున్న ఇంటి గేటు మీదికి పోయింది. మా బావది వెన్నలాంటి మనసు. చేయి పట్టుకొని అక్కడిదాకా నడిపించాడు.

గేటు అందగానే ఆమె వణుకు ఆగింది. బావ మొహంలోకి చూసింది.

"ఎవరడిగారయ్యా నిన్ను?" గుసగుసే... కానీ కత్తిలా ఉంది.

"అది కాదమ్మా, పడిపోతారేమోనని —"

"పడను. ఒక్కసారీ పడలేదు. పడిపోతాను, చచ్చిపోతాను అనిపిస్తుంది, అంతే. డాక్టరమ్మ దానికి నోరు తిరగని పేరు చెప్పింది, అగోరాఫోబియా అట, గడప దాటాలంటే భయం. రెండేళ్ల కిందట బజారులో మొదలైంది. బజారు మానేశాను. తర్వాత బస్సు. తర్వాత వీధి. కూరలు మా ఆయన తెచ్చిపెట్టాడు, మందులు కూతురు తెచ్చింది. అందరూ మంచివాళ్లే. ఆ మంచితనంతోనే నన్ను గదిలో పెట్టి గడియ వేశారు."

బావ ఆమె చేయి వదిలేశాడు.

"భయమేస్తే పారిపోకు, జ్వరంలా ఎక్కి దానంతటదే దిగుతుంది, దిగాకే ఇంటికెళ్లు అంది డాక్టరమ్మ. ముందు జనం లేని వేళ, తర్వాత పగలు. రోజూ కాస్త కాస్త. మూడో స్తంభం చేరడానికి పదకొండు వారాలు పట్టింది. నెల్నాళ్లుగా అదే నా హద్దు. ఇంకో రెండు నిమిషాలైతే దిగేది... నువ్వొచ్చి లాక్కొచ్చావు."

"ఎందుకమ్మా ఈ అవస్థ? ఎక్కడికెళ్లాలో చెప్పండి, వ్యాన్‌లో దింపుతాను."

"వచ్చే నెల మా అమ్మాయికి కాన్పు. ఆసుపత్రి ఈ వీధి చివర. అయిదు నిమిషాల నడక." వీధి చివరికి చూసింది. "అయిదు నిమిషాలు... నావల్ల కావట్లేదు."

నా కథ కాస్తా మట్టిపాలైంది. ప్రియుడు లేడు, విరహం లేదు. యాభై దాటిన ఒక అమ్మ. వింటుంటే బావ మీద ఒళ్లు మండింది.

"నీకెందుకు బావా లేనిపోని పెత్తనం?"

"దెయ్యమని ఏడ్చినదానివి, నువ్వు చెప్తున్నావా మరదలా?" అని మళ్లీ అందుకున్నాడు.

ఆమె శాలువా బిగించుకొని తిరిగి గేటు దాటిందట. ఒక్కో అడుగే... మూడో స్తంభం దాకా. మళ్లీ అదే వణుకు, అవే బుసలు. బావ వ్యాన్ పక్కన చేతులు కట్టుకొని నిలబడ్డాడు. సాయం చేయకుండా ఉండటం ఇంత కష్టమని ఆయనకి తెలియదట.

పావుగంటకి ఊపిరి నెమ్మదించింది. తలెత్తింది. స్తంభం దాటి ఒక్క అడుగు వేసింది.

"నాయనా, ఇక నువ్వెళ్లు."

"పర్లేదమ్మా, ఉంటాను."

"అదే వద్దంటున్నా. నువ్వున్నావని ధైర్యంగా ఉంది నాకు. రేపు నువ్వుండవుగా."

బావ వ్యాన్ ఎక్కి ఆమెని దాటి ముందుకు పోయాడు. నాలుగో స్తంభానికి దీపం లేదు. మలుపు తిరిగేముందు అద్దంలో చూశాడట —

ఆమె ఆ చీకట్లోకే నడిచి వస్తోంది.