స్కానర్‌లో మామగారి గుండె

"ఈసారి తుపాకీ పేలదు. గుండె ఆగుతుంది. యాక్సిడెంట్ అని రాసి ఫైలు మూసేస్తారు," అన్నాడు చీఫ్.

సీక్రెట్ ఏజెంట్ డేగ ముందుకు వంగాడు. విదేశీ ముఠా నాయకుడి ముఖం చూసిన ఒకే ఒక్క సాక్షి ఆస్పత్రిలో ఉన్నాడు. రేపు కోర్టులో ఆ ముఖాన్ని గుర్తుపట్టాలి. ఆలోపే అతన్ని చంపాలని ముఠా చూస్తోంది. నడుస్తూ తూలుతున్నాడని డాక్టర్లు మెదడుకు ఎంఆర్ఐ రాశారు. ఛాతీలో పేస్‌మేకర్ ఉంది. అది పనిచేయకపోతే ఆ గుండె సొంతంగా కొట్టుకోదు.

పైగా ఆ సాక్షి డేగకు స్వయానా పిల్లనిచ్చిన మామ. అల్లుణ్ణి చూస్తేనే ఒళ్లు మండే మనిషి.

"లోపల మనకెవరున్నారు?" అడిగాడు డేగ.

"నెమలి. పేస్‌మేకర్ ఇంజనీరుగా ఉంది. మన ఏజెంటే."

స్ట్రెచర్ తోసేవాడి వేషంలో, అతికించిన మీసంతో, డేగ మామగారిని స్కాన్ గది గుమ్మం దాకా తెచ్చాడు. ఎంఆర్ఐ స్కానర్‌లోని అయస్కాంతం దగ్గరికి ఇనుము తేకూడదు. పిస్తోలు, కెమెరా వాచీ అన్నీ లాకర్లోనే ఉండిపోయాయి. ఇక మిగిలింది వట్టి చేతులే, పాపం.

"మెల్లగా తొయ్యవయ్యా! మా అల్లుడిలాగే ఒక్క పనీ చేతకాదు నీకు," గసిరాడు మామ.

డేగ పళ్లు కొరికాడు.

నెమలి వచ్చింది. ఆ నడకకు కారిడార్లో అందరి తలలూ అటు తిరిగాయి. పేస్‌మేకర్ పనితీరు మార్చే ప్రోగ్రామర్ పెట్టె తెరిచి మామగారి ఛాతీకి ఆనించి, ఏవో బటన్లు నొక్కింది.

"ఎంఆర్ఐ మోడ్‌లో పెట్టాను. స్కానర్ రొద దీనికిక వినపడదు. తన పాటికి తను గుండెను నడిపిస్తూనే ఉంటుంది."

పెట్టె మూసి భుజానికి తగిలించుకుని లిఫ్ట్ వైపు వెళ్లింది. డేగ మామగారిని లోపలి బల్ల మీదికి చేర్చి ఆపరేటర్ పక్కకు వచ్చాడు. బల్ల స్కానర్‌లోకి జారింది. ఆపరేటర్ వేలు స్టార్ట్ బటన్ మీదికి వెళ్తోంది.

డేగ లిఫ్ట్ వైపు చూశాడు. స్కాన్ అయ్యాక పేస్‌మేకర్‌ను మళ్లీ మామూలు మోడ్‌కి తేవాలి. అందాకా ఇంజనీరు ఇక్కడే ఉండాలి. తిరిగి మార్చే ఉద్దేశం లేదంటే, అసలు మార్చనే లేదు! స్కానర్ రొదనే గుండె చప్పుడనుకుని పేస్‌మేకర్ పని మానేస్తుంది.

"ఆపు!"

బటన్‌కు వెంట్రుకవాసి దూరంలో డేగ ఆపరేటర్ చేతిని లాగేశాడు. ఒక్క పరుగున లిఫ్ట్‌కి అడ్డం నిలిచాడు. నెమలి పెన్నులోంచి విషపు సూది బయటికొచ్చింది. డేగ ఆమె మణికట్టు మెలిపెట్టాడు.

"ఎప్పట్నుంచి అమ్ముడుపోయావు?"

"నువ్వు నన్ను నమ్మినప్పటి నుంచి," నవ్వింది ఆమె, కళ్లలో నిప్పులతో.

డాక్టరు పరీక్షించి తెల్లబోయాడు. పేస్‌మేకర్ మామూలు మోడ్‌లోనే ఉంది.

బయటికి జారిన బల్ల మీద మామ లేచి కూర్చున్నాడు. తిరిగొచ్చిన డేగ మీసం పెనుగులాటలో సగం ఊడి వేలాడుతోంది.

"ఓహో! ఇన్సూరెన్స్ ఆఫీసని చెప్పి ఇక్కడ స్ట్రెచర్లు తోస్తున్నావా? మా అమ్మాయికి చెప్తానుండు!"

"చెప్పండి మావయ్యా. రేపు కోర్టులో ఆ వెధవని కూడా ఇంత తొందరగానే గుర్తుపట్టండి."