ఇరవయ్యేళ్ళుగా తెరవని తలుపు

మధ్యాహ్నం ఒంటిగంట పది.

తమిళనాడులో గుడియాత్తం శివార్లలోని తెలుగు వర్తకుల పాత బంగళా ముందు పోలీసు జీపు ఆగింది. సబ్ ఇన్‌స్పెక్టర్ శశికళ దిగీ దిగకముందే ఒకామె పరుగెత్తుకొచ్చి ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

"మాయమ్మ కనపడలేదు మేడం! ఇన్సులిన్ వేసుకునింది. ఒక్క మెతుకు తినలేదు!"

ఆమె పేరు సుజిత. భర్త ధనశేఖర్, తల్లి మునియమ్మలతో అరక్కోణం నుంచి బెంగుళూరుకి కారులో పోతోంది. దారిలో ఈ బంగళా చూడాలని ముచ్చటపడింది మునియమ్మే. బర్మా టేకు స్తంభాలు, నిలువెత్తు అద్దాలు, ముప్పై ఆరు గదులు. టికెట్టు కొని లోపలికి వెళ్ళారు. ముగ్గురు వెళితే ఇద్దరే బయటికొచ్చారు.

"ఇన్సులిన్ ఎన్ని గంటలకి?"

"పదకొండూ ముప్పావుకి. పళ్ళికొండలో టిఫిన్ కట్టించుకున్నాము. ఇల్లు చూసొచ్చి తోటలో తిందామని..."

"ఆఖరున ఎప్పుడు చూసినారు?"

"పన్నెండూ పదికి. మేడమీద."

శశికళ లెక్క వేసుకుంది. మందు ఒంట్లోకి పోయి గంటన్నర కావస్తోంది. కడుపు ఖాళీ. ఒంట్లో చక్కెర పడిపోతే ప్రాణానికే ముప్పు. ముందు అంబులెన్సుకి ఫోన్ చేసి, వచ్చి వాకిట్లో సిద్ధంగా ఉండమంది. ఆ తర్వాతే ప్రశ్నలు.

ధనశేఖర్ మెట్లమీద తల పట్టుకుని కూర్చున్నాడు.

"గొడవేమైనా అయిందా?"

"అయింది మేడం. ఈ పాత కొంప ఎందుకత్తా అని కసిరినాను. అంత ఇష్టమైతే ఈడే ఉండిపో అన్నాను."

బంగళా కాపలాదారు వీరప్ప చేతులు నలుపుకుంటూ ముందుకొచ్చాడు. అరవై దాటినవాడు. "కోపంలో బస్టాండుకు పోయుంటాదమ్మా. వెనక గేటు తీసే ఉండాది."

కానిస్టేబుళ్ళు అప్పుడే అటు బయలుదేరారు. శశికళ మాత్రం గడప దగ్గర ఆగిపోయింది. అక్కడ ఒక జత నీలం మెత్తచెప్పులు.

"ఇవెవురివి?"

సుజిత కెవ్వుమంది. "మాయమ్మవే! కాల్లో పుండు ఉండాది. చెప్పుల్లేకుండా మట్టిలో అడుగు పెట్టదు."

"అయితే బయటికి పోలేదు. వాళ్ళని వెనక్కి పిలవండి!"

వెతికారు. మంచాల కింద, బీరువాల వెనక, ధాన్యపు కొట్టులో. ఒంటిగంట ముప్పై ఐదు. ముప్పై ఐదు గదులయ్యాయి. మిగిలింది మేడమీద వరండా చివర ఒక్కటే. మూసి ఉంది.

"ఇదేంది?"

"ఇరవయ్యేళ్ళుగా తెరవలేదమ్మా. తాళంచెవే లేదు," అన్నాడు వీరప్ప.

శశికళ దబదబా బాదింది. లోపల చప్పుడు లేదు. తలుపు బెత్తెడు మందం. పైన చెక్కలో తెలుగు అక్షరాలు చెక్కి ఉన్నాయి. ఇంట్లో తెలుగే మాట్లాడినా ఆమెకు చదవను రాదు. సుజితకూ రాదు.

"మాయమ్మకి వస్తాది. వాళ్ళ తాత నేర్పించినాడు. ప్రతి గుమ్మం మీదిదీ చదువుకుంటానే నడిచింది."

"విడిపోయే ముందు ఏమనింది?"

"బాత్రూం యాడ అని అడిగింది. కింద తోటలో అన్నాడు ఈయన. మెట్లు దిగి ఎక్కలేనని గొణుక్కునింది."

శశికళ ఫోటో తీసి, చిత్తూరులో తనకు తెలిసిన హెడ్ కానిస్టేబుల్‌కి పంపింది. రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాలూ సుజిత తలుపుకు చెవి ఆనించి ఏడుస్తూనే ఉంది.

ఫోన్ మోగింది. "జలకాల గది అని రాసుండాది మేడం. అంటే స్నానాల గది."

శశికళ వంగి మడతబందు మీద వేలు రుద్దింది. వేలు జిడ్డుగా మెరిసింది. వాసన చూసింది.

"వీరప్పా, ఇరవయ్యేళ్ళుగా తెరవని తలుపుకి కొబ్బరినూనె ఎవురు పోసినారు?"

వీరప్ప చెయ్యి నడుం దగ్గరికి పోయింది. కానిస్టేబుల్ ఆ చెయ్యి పట్టుకుని, పంచె మడతలోంచి పొడవాటి తాళంచెవి లాగాడు.

తలుపు తెరుచుకుంది. ఇత్తడి దీపపు సెమ్మెలు, చెంబులు గోనెసంచుల్లో కట్టి ఉన్నాయి. వాటి పక్కన నేలమీద మునియమ్మ. ఒళ్ళంతా చెమట. రెండు చేతుల కణుపులూ చిట్లి నెత్తురోడుతున్నాయి.

ధనశేఖర్ ఆమెను పసిబిడ్డలా ఎత్తుకుని మెట్లు దిగాడు. "అత్తా, అత్తా" తప్ప అతనికి వేరే మాట రావడం లేదు. అంబులెన్సులో గ్లూకోజ్ ఎక్కించారు. ఐదు నిమిషాలు. పది. సుజిత తల్లి పాదాలు వదల్లేదు.

రెండు గంటల ఐదుకి మునియమ్మ కళ్ళు తెరిచింది.

"తలుపు నా వెనకే మూసుకోని గడె పడిపోయినాది," అంది సన్నగా. "లోపల పిడి లేదు. బాదినాను. ఎవురో వచ్చి నిలబడినారు. కింద సందులో పాదాలు అగుపించినాయి. అయ్యా, తియ్యప్పా అన్నాను. పోయినాడు."

శశికళ వెనక్కి తిరిగింది. దొంగతనం సంగతి ఆమెకు ముందే అర్థమైంది. ఇది మాత్రం ఊహించలేదు.

వీరప్ప కూలబడ్డాడు. "పొద్దున సామాన్లు లోపల దాచి తలుపు సరిగా వెయ్యలేదమ్మా. పన్నెండూ ఇరవైకి చప్పుడు విన్నాను. అప్పుడే ఈ బంగళా ఓనరు వచ్చి కింద వరండాలో ఉన్నాడు. తీస్తే సంచులు కనపడిపోతాయి. ఆయన పోయినాక తీద్దామనుకున్నాను. ఆయన పోయేలోపల... చప్పుడు నిలిచిపోయింది. చచ్చిపోయిందనుకున్నాను. భయమేసింది."

అంబులెన్సు వేలూరు వైపు కదిలింది. జీపు ఎక్కుతూ వీరప్ప అడిగాడు.

"ఆయమ్మ బతుకుతాదా అమ్మా?"

"బతుకుతాది," అంది శశికళ. "ఆ మాట తలుపు బయట నిలబడినప్పుడు అడగాల్సింది."