గురువుగారి గది వెనక తలుపు

చీకటి పడ్డాక ఆ గది ముందు నుంచి ఎవరూ వెళ్ళరు. వాన పడుతున్నా సరే, చుట్టూ తిరిగి పోతారు. మందిరం పక్కన, సందు మొదట్లో ఉండే ఒంటి కిటికీ గది. గురువుగారిని పొడిచి చంపింది అందులోనే. లోపల ఎవరో దగ్గుతారట... కుర్చీ జరిగిన చప్పుడవుతుందట... పాలవాడు విన్నాడు, పాలవాడి పెళ్ళాం విన్నది, విననివాళ్ళు కూడా విన్నామనే చెప్పారు.

నేను విన్నది మాత్రం పాయింటాయన నోట. కళ్ళజోళ్ళ షాపాయన. ఏం మాట్లాడినా "ఇక్కడో పాయింటుందండీ" అనే మొదలెడతాడు, ఆ పేరే స్థిరపడిపోయింది. ఈ కథ చెప్పినప్పుడల్లా తనని తాను చెడామడా తిట్టుకుని, మనకంటే ముందు తనే నవ్వుతాడు.

గొడవేమిటంటే, గురువుగారు అమరుడా, కాదా? పక్కపేట ఇళ్ళ మీద పడదామన్న మనవాళ్ళనే ఆయన వద్దన్నాడు. ఆ మనవాళ్ళే ముందు తలుపులోంచి వచ్చి పొడిచారు. ఇంతవరకూ ఎవరికీ పేచీ లేదు. అప్పట్లో మందిరంలో ఆయన గుర్తుగా రాయి పెడుతున్నారు. దాని మీద 'అమరుడు' అని చెక్కాలా వద్దా? మందిరం కమిటీ తేల్చాలి.

"ఇక్కడో పాయింటుందండీ. పారిపోగలిగి కూడా పారిపోనివాడు అమరుడు. దారిలేక దొరికిపోయినవాడు, పాపం, చచ్చిపోయినవాడు. ఆ వెనక తలుపు కదలదు. నేను స్వయంగా చూశాను!"

ఈ మాట సెలూన్లో అన్నాడు, పెళ్ళిళ్ళలో అన్నాడు, ఇంట్లో అన్నం తింటూ అన్నాడు. అన్నం దగ్గర అన్నప్పుడల్లా అత్తగారు కంచం తీసుకుని లేచి వెళ్ళిపోయేది. ఆవిడ ఏళ్ళ తరబడి ఆ గది ఊడ్చిన మనిషి. గురువుగారి మీద భక్తి కొద్దీ తన మీద కోపం అనుకున్నాడీయన. అర్థమవుతుందని ఇంకాస్త గట్టిగా చెప్పాడు.

కమిటీ కూర్చునే ముందురోజు సాయంత్రం సెలూనాయనకి తిక్క రేగింది.

"అయితే ఇప్పుడే మళ్ళీ చూసి రండి. కదలకపోతే రేపు కమిటీలో నా చెయ్యీ మీవైపే."

"ఇప్పుడా? చీకటి పడింది కదయ్యా..."

"భయమా?"

"నాకా!"

ఆ ఒక్క ముక్క అనకుండా ఉంటే హాయిగా ఇంటికెళ్ళి పడుకునేవాణ్ణి అంటాడు పాయింటాయన. కమిటీలో ఉన్నాడుగా, ఆ గది తాళం చెవి కూడా ఖర్మకాలి తన జేబులోనే ఉంది. సెలూనాయన ఎదురరుగు మీద కాళ్ళు ముడుచుకు కూర్చున్నాడు, ఇంతకంటే దగ్గరికి రానని.

లోపల పాత పుస్తకాల వాసన. ఫోను లైటు వేసి రెండడుగులు వేశాడో లేదో — తన వీపు వెనకాల ముందు తలుపు దభీమని మూసుకుంది! ఫోను చేతిలోంచి జారి బోర్లా పడింది. లైటు నేలపాలు. చిమ్మచీకటి...

ఎవరో దగ్గారు.

చిన్నగా... చదువుతూ చదువుతూ ఆగినట్టు...

కుర్చీ కిర్రుమంది.

పాయింటాయన వెనక తలుపు మీద పడ్డాడు. భుజంతో తోశాడు. కదల్లేదు. వీపు ఆనించి తోశాడు. ఊహూఁ! తన పాయింటే నిజం. ఇంత దరిద్రంగా ఎవడూ వాదన గెలిచి ఉండడు.

"అయ్యా... మీరు అమరులేనండీ," అన్నాడు చేతులు జోడించి. "ఎవరు కాదన్నారు? పెద్ద పెద్ద అక్షరాలు చెక్కిస్తా... బంగారు రంగు కూడా వేయిస్తా..."

అప్పుడు చెవి పక్కనే, ఏ కోపమూ లేకుండా —

"తొయ్యకు నాయనా... లాగు."

లాగాడు. తలుపు వెన్నలా వచ్చేసింది. ఆ ఊపుకి వెల్లకిలా పడి, లేచి, ఒంటి చెప్పుతో సందులోకి ఉరికాడు. ముందు తలుపు బయటికి తెరుచుకుంటుంది కదా, వెనకదీ అంతే అనుకున్నాడు పెద్దమనిషి. పోయినసారీ తోశాడు, ఈసారీ తోశాడు. ఇన్నాళ్ళూ ఊరందరితో వాదించింది ఆ భుజం బలంతోనే.

సెలూనాయన ఎదురరుగు మీదే ఉన్నాడు, కాళ్ళు ముడుచుకుని.

"లోపలికొచ్చి లాగమన్నది నువ్వేనా?"

"నన్ను కోసినా ఆ గడప తొక్కను! ఎవరన్నారు లాగమని?"

"ఎవరూ లేదులే. నాకే తట్టింది," అని ఇంటిదారి పట్టాడు.

గుమ్మంలో అత్తగారు. అప్పటికే కబురు చేరిపోయింది.

"వెళ్ళారట... కదిలిందా బాబూ?"

"తెరుచుకుంది అత్తయ్యా. హాయిగా తెరుచుకుంది. నేనే వెధవని, లాగాల్సిన తలుపుని తోశాను."

ఆవిడ అక్కడే కూలబడి ఏడ్చేసింది.

"ఆ రోజు ఊడ్చేసి వెనక నుంచి వెళ్తూ, బయట గడియ పెట్టానేమో అని... ఎంత ఆలోచించినా గుర్తురాలేదు, వెళ్ళి చూసే ధైర్యమూ లేకపోయింది. మీరు కదలదన్నప్పుడల్లా, ఆయన్ని చంపింది నేనేననుకున్నాను."

పాయింటాయనకి తల కొట్టేసినట్టయింది. ఇన్నాళ్ళూ ఆవిడ కంచంలో వడ్డించింది ఇదా?

"ఆ రోజు నుంచీ ఆ గడియ ఎవరూ ముట్టుకోలేదు. మీరు పెట్టలేదు అత్తయ్యా. ఆయన వెళ్ళగలిగి కూడా వెళ్ళలేదు. ఉండిపోయారు."

ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ అడిగింది. "ఇంతకీ లాగాలని మీకెలా తెలిసింది?"

"ఏమో... భయంలో ఏదో భ్రమ. 'తొయ్యకు నాయనా, లాగు' అని ఎవరో అన్నట్టు..."

కళ్ళు తుడుచుకుంటున్న చెయ్యి ఆగిపోయింది.

"కొత్తగా పనిలో చేరినప్పుడు నేనూ తోసేదాన్ని," అందావిడ మెల్లగా. "కుర్చీలోంచి లేవకుండానే అనేవారు... 'తొయ్యకమ్మా... లాగు' అని."

మర్నాడు కమిటీలో పాయింటాయన ఒక్క పాయింటూ తీయకుండా అందరికంటే ముందు చెయ్యెత్తాడు.

మందిరంలో రాయి మీద 'అమరుడు' అన్న మాట ఇప్పటికీ ఉంది, బంగారు రంగులో.