కన్వర్టర్ రేకు కింద

సారంగపాణి యాక్సిలరేటర్ తొక్కుతాడు.

కారు గర్జిస్తుంది!

కొత్త సైలెన్సర్ పైపులు. కొత్త కన్వర్టర్. ఇరవై ఏళ్ల పాత టర్బో కారు గొంతు విప్పి అరుస్తోంది. ఆ పైపులు పాణి తన చేతులతో బిగించినవే.

కారు మాత్రం అతనిది కాదు.

అద్దంలో ఒంటి లైటు... బైక్!

కారు ఓనర్ హరీష్ వెంటపడ్డాడు.

రాత్రి ఏడున్నర. ముసురు. సుబేదారి రోడ్డు నిండా బండ్లు. పాణి ఒక ఆటోను రాసుకుంటూ దూసుకుపోతాడు. ఎవడో బూతు తిడతాడు. వినే టైం లేదు.

పక్క సీట్లో గోనెసంచి. అందులో పాత కన్వర్టర్.

దాన్ని మధ్యాహ్నమే తన మెకానిక్ షాపులో విప్పాడు. పొగలో విషాన్ని విరిచే ఇనుప డబ్బా అది. లోపలి జాలీ మూసుకుపోయింది. కొత్తది వేస్తే బండికి ఊపిరి ఆడుతుందని హరీష్‌కు చెప్పింది కూడా తనే. స్క్రాప్‌లో పడేసే ముందు, వేడి తగలకుండా పైన కప్పే రేకును గ్రైండర్‌తో కోశాడు.

రేకు కింద నల్లగా కరిగి అంటుకున్న నైలాన్ చీర పీలిక.

అందులో ఇరుక్కుని...

వెండి పట్టగొలుసు!

కొక్కెం చూడగానే గ్రైండర్ పక్కన పెట్టి దాన్ని తుడిచాడు. అది వెండిది కాదు. అసలుది విరిగితే స్టీల్ తీగ వంచి తనే చేశాడు. భార్య యాకమ్మ కాలికి తనే తొడిగాడు.

మూడేళ్ల కింద నెక్కొండ రోడ్డు మీద బస్సు దిగి నడుస్తున్న యాకమ్మను ఏదో కారు గుద్దింది. ఈడ్చుకుపోయింది. అక్కడే వదిలేసి పోయింది. ఆ కారు దొరకనే లేదు. దవాఖానలో గుడ్డ ఎత్తి చూపించినప్పుడు ఆమె ఒక్క కాలికే గొలుసుంది.

అప్పటి నుంచి కుక్కర్‌లో అర గ్లాసు బియ్యం. మనిషి గొంతు కోసం రాత్రంతా టీవీ. ఇప్పటికీ తాళం తీస్తూ "వచ్చిన" అంటాడు. లోపల పలికేవాళ్లు లేరు.

కారు కదలాలంటే పైపులు బిగించాల్సిందే. గబగబా బిగించాడు. హరీష్ వచ్చేలోపు స్టేషన్‌కు తోలుకుపోదామనుకున్నాడు.

హరీష్ ముందే వచ్చాడు!

ఫోన్ మోగుతోంది. హరీష్. కట్ చేస్తాడు. మళ్లీ హరీష్. మళ్లీ కట్!

పాణికి ఫోన్ చేయడానికి ఉన్నది ఒక్కడే. శేఖర్. సెకండ్ హ్యాండ్ కార్ల బ్రోకర్. యాకమ్మ పోయాక చుట్టాలంతా తప్పుకున్నా, రోజూ సాయంత్రం షాపుకొచ్చి కూర్చునేది అతనొక్కడే.

"శేఖర్! యాకమ్మను గుద్దిన కారు దొరికింది!"

శేఖర్ గొంతు తగ్గిస్తాడు.

"ఏడున్నవ్ అన్నా?"

"అదే కార్ల! పాత కన్వర్టర్ల సబూత్, ఆమె పట్టగొలుసు, దొరికింది. స్టేషన్‌కు పోతాన్న. ఓనర్ ఎంట పడ్డడు!"

"ఆగన్నా! పరాయోని బండి ఎత్తుకపోతానవ్. స్టేషన్ల నిన్నే దొంగంటరు. ముందుగాల ఖిలా కాడికి రా. నేనొస్త, ఇద్దరం కలిసి పోదాం. ఆ సంచి జర భద్రం!"

పాణి స్టీరింగ్ తిప్పుతాడు.

హన్మకొండ చౌరస్తా. రెడ్ సిగ్నల్... ఆగడు! లారీ హారన్ చెవులు చిల్లులు పొడుస్తుంది. అండర్ బ్రిడ్జి కింద మోకాలి లోతు నీళ్లు. కారు నీళ్లను చీల్చుకుంటూ బయటపడుతుంది.

ఒంటి లైటు ఇంకా వెనకే ఉంది.

ఖిలా. పాత కోట రాతి దర్వాజా దగ్గర చీకట్లో శేఖర్ తడుస్తూ నిలబడి ఉన్నాడు.

పాణి ఇంజను ఆపకుండానే సంచితో దిగుతాడు. శేఖర్ చెయ్యి చాస్తాడు.

"ఇటియ్యన్నా."

అంతలో బైక్!

హరీష్ బండిని కిందపడేసి ఉరికొస్తాడు. పాతికేళ్లుంటాయేమో. పాణి వీల్ స్పానర్ ఎత్తుతాడు.

"దగ్గరికి రాకు! నా పెండ్లాన్ని సంపినవ్ రా!"

హరీష్ కొయ్యబారిపోతాడు.

"ఎవల్ని బాబాయ్? నేను గీ కారు కొని రెండు నెలలే అయితాంది!"

"ఎవ్వని కాడ కొన్నవ్?"

హరీష్ చూపు పాణి పక్కకు తిరుగుతుంది.

"గీ శేఖరన్న కాడనే. పైపులు మార్పిస్తనంటే హైదరాబాద్ పొమ్మన్నడు. పాణి షాపుకు మాత్రం పోవద్దన్నడు. గంత దూరమెందుకని నేనే..."

స్పానర్ కిందికి దిగుతుంది.

పాణి తల తిప్పేలోపే సంచి లాక్కుంటాడు శేఖర్! ఒక్క దూకుడుతో కారెక్కుతాడు. రివర్స్. గేరు మారుతుంది. లైట్లు సూటిగా పాణి కళ్లలో పడతాయి.

"జరుగు బాబాయ్!" హరీష్ కేక.

పాణి జరగడు.

ఎటు జరగాలి? ఎవరి కోసం?

కారు మీదికొస్తుంది. పదడుగులు... అయిదు... రెండు...

కీచ్!

బంపర్ మోకాళ్లకు తగిలి ఆగింది.

శేఖర్ స్టీరింగ్ మీద తల పెట్టుకుని ఏడుస్తున్నాడు.

"అమ్మకానికొచ్చిన బండన్నా... ఆ రాత్రి ట్రయల్ చూస్తాన్న. చీకట్ల ఆమె కనవడలే. దిగి చూస్తే వదినె! దగ్గర దగ్గర మూడేండ్లు షెడ్ల దాచిన. నీకు చెప్దామనే రోజూ వచ్చేటోన్ని..."

"రోజూ వచ్చినవ్," అంటాడు పాణి.

కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళం తిప్పుతాడు. గర్జన ఆగిపోతుంది. ముసురు చప్పుడొక్కటే మిగులుతుంది. ఫోన్‌లో వంద నొక్కుతాడు.

"చెప్పండి, ఎక్కడున్నారు?"

"ఖిలా కాడ."

"మీకు తోడుగా ఎవరైనా ఉన్నారా?"

పాణి కారులోకి చూస్తాడు. శేఖర్ తల ఎత్తలేదు.

"ఎవ్వలు లేరు. ఒక్కన్నే ఉన్న."