చావని ఇంజన్

స్క్రీన్ మీద ఇంజన్ పేలిపోయింది. పిస్టన్‌కి చిల్లు పడింది, తెల్లటి పొగ కమ్మింది, కారు ట్రాక్ పక్కన ఆగిపోయింది. అది చూసి డాక్టర్ వకుళ చప్పట్లు కొట్టింది. ఏళ్ల తరబడి ఆమె కోరుకున్నది ఇదే. తప్పు చేస్తే చచ్చిపోయే ఇంజన్.

బెజవాడ ల్యాబ్‌లో ఆమె తయారుచేసిన ఆ కార్ రేసింగ్ గేమ్ పేరు 'అగ్గిచక్రం'. మామూలు గేముల్లో ట్యూనింగ్ అంటే ఒక మీట జరపడం, స్పీడు పెరగడం, అంతే. ఇందులో సిలిండర్‌లోని ప్రతి మంటనీ కంప్యూటర్ లెక్కగడుతుంది. ఆ మంటని రాజేసే స్పార్క్ కాస్త ముందిస్తే బలం పెరుగుతుంది. మరీ ముందిస్తే, ఇంకా పైకొస్తున్న పిస్టన్‌ని మంట ఎదురు తంతుంది. ఠకఠకమని మోత వస్తుంది. దాన్నే నాకింగ్ అంటారు. ఆ మోత విని కూడా తగ్గకపోతే ఇంజన్ గోవిందా.

జనం ఎగబడి ఆడారు. అందరిలోకీ బాగా ఆడినవాడు ధనుంజయ్. మనవాళ్లు ఊరుకుంటారా? 'మెరుపు' అని బిరుదు తగిలించారు, కటౌట్లు కట్టారు, అభిమాన సంఘం పెట్టారు. ఆ గేమ్ పోటీల ఫైనల్లో అతను ఆశకి పోయి స్పార్క్ మరీ ముందుకు జరిపాడు. ఇంజన్ పేలింది.

ఊరు భగ్గుమంది. తెరమీద హీరో చస్తే హాల్లో కుర్చీలు విరగ్గొట్టే జాతి కదా మనది! ల్యాబ్ అద్దాలు పగిలాయి. సంఘం అధ్యక్షుడు సాంబయ్య లోపలికొచ్చి వకుళ టేబుల్ మీద చరిచాడు.

"మా అన్న ఇంజన్ పేలడమేంటి మేడం? మార్చండి!"

"ఆయన తప్పు ట్యూన్ చేశారండీ. నిజం ఇంజన్ అయినా పేలుతుంది."

"నిజంతో మాకేం పని? అన్న గెలవాలంతే!"

యాజమాన్యం హడలిపోయింది. ధనుంజయ్ కారుకి మాత్రం మోత ఉంచి, దెబ్బ తినే లెక్క తీసేయమంది. ఎవరికీ చెప్పొద్దంది. వకుళ తీసేసింది. సాంబయ్య మీద కన్నా ఈమె మీదే నాకు ఒళ్లు మండుతుంది. తెలియనివాడు అరిచాడు సరే, అన్నీ తెలిసిన మనిషికి సిగ్గుండొద్దా?

ఆ తర్వాత ధనుంజయ్ ఓడలేదు. అదంతా తన ట్యూనింగ్ గొప్పతనమే అనుకున్నాడు. ఒక రేసింగ్ జట్టు పిలిచి నిజం కారిచ్చింది. ఆ గేమ్ అచ్చం నిజం ఇంజన్‌లాగే లెక్కగడుతుందని పేరు కదా, అతని సెట్టింగులే యథాతథంగా ఎక్కించింది.

సంగతి తెలిసి వకుళ రేసు రోజు ట్రాక్‌కి పరుగెత్తింది.

"ధనుంజయ్, స్పార్క్ వెనక్కి తీయించు బాబూ. గేమ్‌లో నీ ఇంజన్ పేలకుండా మేమే చేశాం. ఇది పేలుతుంది. ప్రాణం పోతుంది!"

అతను హెల్మెట్ పెట్టుకుంటూ నవ్వాడు. "మీకు కూడా నా మీద కుళ్లేనా మేడం?"

సాంబయ్య మనుషులు ఆమెని పక్కకి లాగేశారు. రేసు మొదలైంది. రెండు రౌండ్లు తిరిగాక కారులోంచి ఠకఠకమని మోత మొదలైంది. అది ధనుంజయ్‌కి బాగా తెలిసిన మోతే. గేమ్‌లో గెలిచిన ప్రతిసారీ విన్నాడు. అతనికి అది గెలుపు మోత. ఇంకా గట్టిగా తొక్కాడు.

ఇంజన్ పగిలింది, ఆయిల్ అంటుకుంది. ప్రాణం దక్కింది గానీ ముఖమూ చేతులూ కాలిపోయాయి. ఆసుపత్రిలో వకుళ ఏడుస్తూ మళ్లీ అదే నిజం చెప్పింది. ఈసారి నమ్మాడు.

చేతులకి కట్లతోనే సంఘం ఆఫీసుకి వెళ్లాడు. అక్కడ పెద్ద తెర మీద అతని కారు దూసుకుపోతోంది. అతని పాత ఆటలు చూసి నేర్చుకున్న కంప్యూటర్ దాన్ని నడుపుతోంది. కుర్రాళ్లు తెరకి పాలాభిషేకం చేస్తున్నారు.

"ఆపండ్రా! అదంతా మోసం. నేను ఆ ఫైనల్లోనే ఓడిపోయాను," అన్నాడు ధనుంజయ్.

సాంబయ్య ఆ గొంతు గుర్తుపట్టాడు. కాలిన ముఖం వైపు చూశాడు. తెర మీద మెరిసిపోతున్న కారు వైపు చూశాడు.

"మా అన్న ఓడిపోయాడంటావా? ఎవడ్రా నువ్వు?"

ధనుంజయ్ బొమ్మ ఉన్న టీషర్టులు వేసుకున్నవాళ్లే ధనుంజయ్‌ని గేటు బయటికి నెట్టేశారు.