నడిపి గురుమూర్తిగారి అమ్మాయి

జులై ఒకటో తేదీ పొద్దున్న ఆరింటికి మా కంపెనీ కంప్యూటరు కోరాడ గురుమూర్తికి పుట్టినరోజు శుభాకాంక్షలు పంపింది. ఏడింటికి అదే కంప్యూటరు ఆయన్ని గేటు దగ్గర ఆపేసి లోపలికి రానివ్వనంది. ఈ రెండు ఘనకార్యాలూ నావే.

తొమ్మిదింటికి ఆయన కూతురు వచ్చింది. బయట వాన దంచేస్తోంది. గొడుగు మూసి, నీళ్లన్నీ నా కుర్చీ కిందికే కారేలా టేబులుకి ఆనించి, ఫోను నా ముందు పెట్టింది. తెరమీద కేకు బొమ్మ. దాని కిందే గేటు పాసు రద్దయిందని మెసేజి.

"మా నాన్న డూప్లికేటంట. డూప్లికేటంటే ఏటండీ?" అంది.

నేను ఇక్కడే, ఛత్తీస్‌గఢ్‌లోని ఈ భిలాయిలోనే పుట్టి పెరిగినవాణ్ణి. సెక్టార్ టెన్‌లో ఆఫీసర్ల కాలనీలో ఉండే ఒక రిటైరైన ఆఫీసరుగారి అబ్బాయిని, పేరు అనిరుధ్. కంగారు పడితే నా నోట హిందీయే వస్తుంది. ఆ అమ్మాయి కళ్లలోకి చూశాక అదీ సరిగ్గా రాలేదు. "దేఖియే మేడమ్, డేటా క్లీనింగ్‌లో..." అని నసిగాను.

"మా నాన్నేటి మురికా, క్లీన్ చెయ్యడానికి?"

నాకు ఒళ్లు మండింది. స్టీల్‌ప్లాంటుకి విడిభాగాలు చేసే ప్రైవేటు కంపెనీ మాది. వర్కర్లు పదకొండొందల మంది. కొత్తగా కొన్న ఏఐ సాఫ్ట్‌వేరుకి పాత రికార్డులన్నీ ఎక్కించి, ఒకే మనిషి రెండుసార్లు నమోదైన చోట ఒకటి తీసేయించడం నా పని. ప్రైవసీ కోసమని ఐడీ నంబర్లు దాచేశారు కాబట్టి అది పేరు, ఊరు, పుట్టిన తేదీ చూసుకుని ఏరుతుంది. తండ్రి పేరు ఒక్కో కాగితంలో ఒక్కో స్పెల్లింగుతో ఉందని, ఆ గడి చూడనక్కర్లేదని సెట్ చేసిన మేధావిని నేనే. అరవై ముగ్గురు దొరికారు.

అదే గర్వంగా చూపించాను. కోరాడ గురుమూర్తి, రాజాం, జులై ఒకటి. ముగ్గురికీ పుట్టిన సంవత్సరంతో సహా ఒకటే. ముగ్గురెలా అవుతారని అడిగాను.

ఆమె నవ్వింది. ఆ నవ్వులో వెటకారం ఎంతుందో జాలి కూడా అంతే ఉంది. ఆమె ముత్తాత పేరు గురుమూర్తి. ఆయనకి ముగ్గురు కొడుకులు. ముగ్గురూ తమ పెద్దకొడుక్కి తండ్రి పేరే పెట్టుకున్నారు. ఇంట్లో పెద్ద గురుమూర్తి, నడిపి గురుమూర్తి, చిన్న గురుమూర్తి. ముగ్గుర్నీ ఒకేరోజు బళ్లో వేశారట. పుట్టిన తేదీ ఎవరికీ తెలియకపోతే మాస్టారు ముగ్గురికీ జులై ఒకటే రాసి చేతులు దులుపుకున్నారు. ముగ్గురూ ఒకరి వెనక ఒకరు వచ్చి మా కంపెనీలోనే చేరారు. సాఫ్ట్‌వేరు పెద్దాయన్ని ఉంచి మిగతా ఇద్దర్నీ తీసేసింది. ఈమె నడిపి ఆయన కూతురు, నీలిమ.

మా మేనేజరు శ్యామసుందర్ సార్ దగ్గరికి పరుగెత్తాను. ఆయన తల కూడా ఎత్తలేదు. అభ్యంతరం ఉన్నవాళ్లు దుర్గ్ కోర్టుకి వెళ్లి 'నేను నేనే' అని అఫిడవిట్ తెచ్చుకోవాలన్నారు. శుక్రవారం హెడ్డాఫీసు వాళ్లొస్తారు, ఆ అరవై మూడూ నిజంగా డూప్లికేట్లేనని నేను సంతకం పెట్టాలి. పెట్టాక ఆ రికార్డులు శాశ్వతంగా చెరిగిపోతాయి. నడిపి గురుమూర్తిగారికి ఇంకా రెండేళ్ల సర్వీసుంది.

ఫారం తెచ్చి నీలిమ చేతికిచ్చాను. చదివి మడత పెట్టి మళ్లీ నా చేతిలోనే పెట్టింది.

"మిషను మీది, తప్పు మీది. మా నాన్న కోర్టుకెల్లి నేను నేనేనని ఒట్టెయ్యాలా? ఎల్లడు. ఎల్లనివ్వను." గొడుగు తీసుకుని వానలోకి వెళ్లిపోయింది. ఆ గొడుగు మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను.

ఆ సాయంత్రం వాళ్లుండే కార్మికుల పేట ఖుర్సీపార్ వెళ్లాను. వెరిఫికేషన్ అని నాకు నేను చెప్పుకున్నాను. వీధి మొదట్లో అరుగుమీద ఉల్లిపాయలు ఏరుతున్న ముసలమ్మని కోరాడ గురుమూర్తి ఇల్లెక్కడని అడిగాను.

"ఏ గురుమూర్తి బాబూ?" అంది ఆవిడ.

లక్షలు పోసి కొన్న మా సాఫ్ట్‌వేరు ఒక్కసారి కూడా అడగని ప్రశ్న అది. నాకు సిగ్గేసింది.

నడిపి ఆయన ఇంట్లో నీలిమ తల్లి జోగమ్మగారు టీ ఇచ్చారు కానీ మాట్లాడలేదు. ఆయన మాత్రం మాట్లాడాడు. రేపు కూడా యూనిఫాం వేసుకుని ఏడింటికి గేటు దగ్గరికి వస్తానన్నాడు. రానివ్వకపోతే ఎల్లుండి కూడా వస్తానన్నాడు. "పేరు మా తాతది బాబూ. ముగ్గురం పంచుకున్నాం, ఎవుల దగ్గరా దొంగిలించలేదు," అన్నాడు. అలాంటి మనిషిని నేను ఒక్క క్లిక్కుతో తీసేశాను.

సుపేలా బజార్లో నీలిమ ఒక ఆన్‌లైన్ సర్వీసుల షాపులో పనిచేస్తుంది. తప్పు నాదేనని ఒప్పుకుని ఆమె సాయం అడిగాను, మర్నాటి నుంచి ఆఫీసు అయ్యాక నేనూ అక్కడే. మిగతా అరవై ఒక్కరికీ వరసగా ఫోన్లు చేశాం. నా తెలుగు విని ఆమెకి పండగయింది. ఒకాయన కొడుకుతో నేను "మీ నాన్న ఇంట్లో ఉందా?" అంటే, నీలిమ నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని కుర్చీలోంచి జారిపోయింది. ఆడా మగా తేడా తెలీనోడు అసలెవరో నకిలీ ఎవరో తేల్చాడంట అని ఆ రోజంతా ఏడిపించింది. కావాలనే ఇంకో రెండుసార్లు తప్పు మాట్లాడాను.

గురువారానికి లెక్క తేలింది. అరవై ముగ్గురిలో యాభై ఎనిమిది మంది వేరువేరు మనుషులు. తాతల పేర్లు, అమ్మవార్ల పేర్లు, మాస్టార్లు రాసిన జులై ఒకట్లు. "రేపు సంతకం పెట్టకపోతే నీ ఉద్యోగం ఏటవుద్ది?" అని అడిగింది. 'మీరు' పోయి 'నువ్వు' వచ్చిందని ఇద్దరికీ తెలిసింది. పోతే పోనీ అన్నాను. వాన చప్పుడులో ఆమె ఏమందో వినబడలేదు, కానీ చూపు మాత్రం తిప్పుకోలేదు.

శుక్రవారం మీటింగులో శ్యామసుందర్ సార్ కాగితం నా ముందుకు జరిపారు. పెట్టనని చెప్పాను. హెడ్డాఫీసు నుంచి వచ్చిన మణిమాల మేడమ్ కారణం అడిగారు. నేను తలుపు తెరిచి, "గురుమూర్తి గారూ," అని పిలిచాను.

"ఏటి బాబూ?" అని మూడు గొంతులు ఒక్కసారే పలికాయి.

ముగ్గురూ లోపలికి వచ్చి వరసగా నిలబడ్డారు. ఒకరు బట్టతల, ఒకరు పొడుగు, ఒకరు బొద్దు. పెద్దాయన మెడలో గేటు పాసు ఉంది. మిగతా ఇద్దరి చొక్కాలకీ విజిటర్ చీటీలు ఉన్నాయి. ముప్పై ఏళ్లుగా పనిచేస్తున్న చోటికి చుట్టపుచూపుగా రావాల్సి వచ్చింది వాళ్లకి.

"వీళ్లలో ఎవరిని చెరిపెయ్యమంటారో చూపించండి మేడమ్," అన్నాను. "నా వేలు మాత్రం ఇక బటన్‌మీద పడదు."

మణిమాల మేడమ్ యాభై ఎనిమిది పేర్ల జాబితా చివరిదాకా చదివారు. మధ్యాహ్నానికి అన్ని పాసులూ తిరిగి వచ్చాయి. సాయంత్రానికి నా లాగిన్ పోయింది. ప్రాజెక్టులోంచి తీసేసి, స్టోర్సులో బోల్టుల డబ్బాలకి లేబుళ్లు అంటించే పనికి వేశారు శ్యామసుందర్ సార్. లేబులు అంటించే ముందు డబ్బా మూత తీసి చూస్తున్నాను. బుద్ధొచ్చింది మరి.

పని మారిన సంగతి చెబుదామని ఆ సాయంత్రమే సుపేలా వెళ్లాను. వానకి కరెంటు పోయి నీలిమ షాపు ముందు రేకుల కింద నిలబడి ఉంది. సగం గొంతు వాన హోరులో కలిసిపోగా, ఉన్న తెలుగంతా కూడగట్టుకుని, నువ్వంటే నాకు ఇష్టం అని చెప్పేశాను.

ఆమె కాసేపు రోడ్డుమీద నీళ్లు చూసింది. "నాకు అన్నదమ్ముల్లేరు. మా ఇంట్లో ముత్తాత పేరు మా నాన్నతో ఆగిపోద్ది. నన్ను చేసుకున్నోడు కొడుక్కి గురుమూర్తని పెట్టాల. సెక్టార్ టెన్‌లో ఒప్పుకుంటారా?"

"ఒప్పుకోకపోతే ఒప్పిస్తాను. పుట్టిన తేదీ కూడా జులై ఒకటే రాయిద్దాం. ఏ మిషనొచ్చి ఏరుతుందో చూద్దాం."

"తేదీ మాత్రం అసలుదే రాయిద్దాం," అంది నీలిమ నవ్వుతూ. "ముందు మా నాన్ననడుగు."

తడిసిన బట్టలతోనే ఖుర్సీపార్ వెళ్లాను. వీధి మొదట్లో ముసలమ్మ అరుగుమీదే ఉంది. గురుమూర్తిగారు ఇంటికొచ్చారా అని అడిగాను.

"ఏ గురుమూర్తి బాబూ?" అంది.

"నడిపి గురుమూర్తి. మా మావయ్య," అన్నాను.