ఎడమవైపు ఎండ

ఆ గ్రాఫుగాడు జన్మలో బాగుపడడు.

గాలి ఈ మాట రోజుకి నాలుగుసార్లయినా అనుకునేవాడు. పళ్ళు తోముకుంటూ ఒకసారి, షెడ్డు తాళం తీస్తూ ఒకసారి, మిగతా రెండూ గ్రాఫు మొహం ఎదురుపడ్డప్పుడు.

గాలి అంటే మనిషే. రేసు ట్రాక్ పక్కన షెడ్డులో టైర్లు చూసుకునేవాడు కాబట్టి ఆ పేరు పడింది. ముప్పై రెండేళ్ళు. బడిని ఏడో తరగతిలోనే వదిలేశాడు గానీ టైరుని ఇంతవరకు వదల్లేదు. అరచేత్తో తడిమి ఏ టైరు ఎన్ని రౌండ్లు తిరిగిందో చెప్పగలడు. అలాంటివాడి నెత్తిన, రెండు నెలల కిందట, ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని గ్రాఫు దిగాడు. పెద్ద చదువు, తెల్ల చొక్కా. కారు ఒంటినిండా వైర్లు తగిలించి, అది ఎక్కడ ఎంత వేగం పోయిందో గీతల్లో చూపిస్తాడు. వచ్చిన తొలిరోజే గాలి కూర్చునే స్టూలు లాక్కుని దానిమీద ఛార్జరు పెట్టాడు. పోనీలే అని అదైనా ఓర్చుకునేవాడు. పక్కన పిడుగుని కూర్చోబెట్టుకున్నాడు చూడండి, అక్కడ పుట్టింది మంట.

పిడుగు ఆ కారు నడిపే అమ్మాయి. టీం ఓనరుకి తమ్ముడి కూతురు. మూడేళ్ళ కిందట మొదటిసారి షెడ్డులోకి వచ్చి, వచ్చీ రాగానే బూటుకాలితో టైర్ని ఒక్క తన్ను తన్ని, "గాలి ఎంతుంది?" అనడిగింది.

"టైర్ని తన్నితే గాలి తెలియదు మేడం, కాలి నొప్పి తెలుస్తుంది."

"ఓహో! మరి మీరెలా తెలుసుకుంటారు మాస్టారూ?"

"నీడలో పడుకోబెట్టి, మర్యాదగా అడుగుతాను."

ఆమె నవ్వింది. అప్పట్నుంచి ఆయన మాస్టారే. ఆ నవ్వు మూడేళ్ళు తనొక్కడి సొత్తు అనుకున్నాడు పిచ్చివాడు. ఆ మాట బయటికి చెప్పాడా అంటే, లేదు. టైరుతో చెప్పుకున్నంత సులువుగా మనిషితో చెప్పుకోలేడు.

ఇప్పుడేమో సాయంత్రం అయిందంటే పిడుగు, గ్రాఫు ఒకే తెరకి అతుక్కుని కూర్చుంటున్నారు. ఆమె జుట్టు వాడి భుజానికి తగిలిందా, తగల్లేదా అని కొలవడానికి గాలి దగ్గర గేజీ లేదు.

"ఏరా, కంచం ముందు కూర్చుని ఎవర్ని నములుతున్నావు?" అంది ఆ రాత్రి భోజనాల దగ్గర వాళ్ళక్క.

"ఎవర్నీ లేదు."

"పళ్ళు పటపటమంటున్నాయి. మెతుకుకి అంత చప్పుడు రాదే!"

"అక్కా, నువ్వు తిను."

"ఆ పిల్లకి చెప్పరా వెధవా. నీ మొహం చూసి తనే తెలుసుకోవడానికి ఆ పిల్లేమైనా నీ గాలి గేజీనా?"

చెప్పలేదు. మర్నాడు ఓనరు పరీక్ష పెట్టాడు. ఈ సీజన్లో కారు సీటు పిడుగుకి ఇవ్వాలా, బయటినుంచి ఇంకో డ్రైవర్ని తేవాలా అన్న తగువు నెలరోజులుగా నలుగుతోంది. చివరికి ఆయన తేల్చేశాడు.

"ఒక్క రౌండు వేగంగా కొట్టడం ఎవడైనా కొడతాడు. వరసగా పది రౌండ్లు కొట్టు. అన్నిటికన్నా వేగమైనదానికీ, అన్నిటికన్నా నెమ్మదైనదానికీ మధ్య అర సెకను దాటకూడదు. దాటకపోతే సీటు నీది. దాటితే, అమ్మా, పెదనాన్నని తిట్టుకోకు."

పది రౌండ్లు ఒకేలా తిరగాలంటే నాలుగు టైర్లూ ఒకేలా పట్టాలి. అది గాలి పని. దానికి తను పెట్టుకున్న కట్టుబాటు ఒకటుంది. నాలుగు టైర్లూ గంటసేపు నీడలో ఉన్నాకే గేజీ పెట్టాలి. ఎండ తగిలిన టైర్లో గాలి వేడెక్కి ఉబ్బుతుంది. గేజీ ఎక్కువ చూపిస్తుంది. చాలు కదా అని మనం ఊరుకుంటాం, లోపల గాలి తక్కువే ఉంటుంది. మూడేళ్ళలో ఈ నియమం ఒక్కసారీ తప్పలేదు.

ఆరోజు తప్పాడు.

కారు షెడ్డు ముందు నిలబెట్టి ఉంది. కుడివైపు గోడ నీడ, ఎడమవైపు మండే ఎండ. గాలి కారుని లోపలికి తోయబోతూ తలెత్తాడు. ఎదురుగా పెద్ద గొడుగు. గొడుగు కింద వాళ్ళిద్దరూ. గ్రాఫు చేతులు తిప్పుతూ ఏదో చెబుతున్నాడు. పిడుగు పొట్ట పట్టుకుని నవ్వుతోంది. కళ్ళ నీళ్ళు తుడుచుకుని మళ్ళీ నవ్వుతోంది.

పుండు మీద కారం చల్లినట్టయింది. అంతలా ఏం చెప్పి నవ్వించాడు? అంత నవ్వు నేనెప్పుడైనా తెప్పించానా? గాలి చూపు గొడుగు మీద, చెయ్యి గేజీ మీద. నాలుగు టైర్లకీ ఇరవై ఆరు పౌండ్లు చూసి, మూతలు బిగించి, లేచిపోయాడు. తోయాల్సిన కారుని తోయనేలేదు.

పది రౌండ్లూ అయ్యాయి. పిడుగు కారు దిగి హెల్మెట్ తీసి నేలకేసి కొట్టినంత పనిచేసింది. మొదటి రౌండుకీ పదో రౌండుకీ మధ్య ఒకటిముప్పావు సెకను తేడా.

"కుడికి తిరగనంటోంది బండి! ఎడమకి వెన్నలా పోతోంది, కుడికి తిప్పితే సబ్బుమీద కాలేసినట్టుంది. రౌండు రౌండుకీ ఇంకా జారింది."

గ్రాఫు తెర తిప్పాడు. "గీత చూడు. కుడి మలుపుల్లో నీ చెయ్యి ప్రతిసారీ ఒక్కోలా తిరుగుతోంది. ఇది డ్రైవరు తప్పు."

"జారుతుంటే చెయ్యి కదపకుండా దండం పెట్టుకోమంటావా?"

"డేటా అబద్ధం చెప్పదు."

"అయితే నేను చెబుతున్నానా? లే! నా ముందునుంచి లే! నీ మొహం, నీ గీతలూ!"

ఓనరు నిట్టూర్చి ఫోను తీశాడు. కొత్త డ్రైవరుకి చెయ్యడానికని అందరికీ తెలుసు.

గాలి కారు పక్కన గొంతుక్కూర్చున్నాడు. పరుగయ్యాక గాలి ఎంత పెరిగిందో చూసే అలవాటుకొద్దీ వేడి మీదే గేజీ పెట్టాడు. కుడివి రెండూ ముప్పై నాలుగు. ఎడమవి ముప్పై ఒకటిన్నర. ఒక్క క్షణం అర్థం కాలేదు. ఎడమవాటికి మళ్ళీ పెట్టి చూశాడు, అదే. కుడికి తిరిగినప్పుడు బరువంతా మోసేవి ఎడమ టైర్లే. వాటికే గాలి తక్కువ. ఎండ. గొడుగు. నవ్వు.

ఎవరూ చూడలేదు. పంపు పక్కనే ఉంది. రెండు దెబ్బలు కొడితే అన్నీ సమానమైపోతాయి. పైగా, ఎవరితో చెప్పుకోవడానికీ సిగ్గే గానీ, రెండు నెలలుగా ఏది కోరుకున్నాడో అదే కళ్ళముందు జరుగుతోంది. పిడుగు గ్రాఫుని వాయించేస్తోంది. నోరు మూసుకుంటే చాలు. ఈ సాయంత్రంనుంచి ఆ గొడుగు కింద ఎవరూ కూర్చోరు.

కానీ సీటు కూడా పోతుంది. ఆమె చెయ్యి మీద మచ్చ పడుతుంది, తప్పు లేని చెయ్యి మీద.

"అయ్యగారూ, ఫోను పెట్టెయ్యండి," అన్నాడు గాలి లేచి. "అమ్మాయిగారి తప్పు కాదు. నాది. ఎండలో పెట్టి గాలి చూశాను."

"నువ్వా!" ఓనరు నోరు తెరిచాడు. "నీడ లేనిదే టైరు ముట్టుకోనివాడివి! ఏమైందిరా నీకు?"

"ధ్యాస లేదు."

"ఎటు పోయింది?"

గాలి తల పక్కకి తిప్పుకున్నాడు. పిడుగు మాత్రం ఆ చూపు ఎటు వెళ్ళి వాలిందో చూసింది.

"సరే, ఇప్పుడు గాలి సరిచేసి మళ్ళీ పంపు."

"కుదరదయ్యా. ఎడమవి అంచులు మాడిపోయాయి, ఇక ఒకేలా పట్టవు. కొత్త సెట్టు ఎక్కించాలి. కొత్తవాటిని ముందు నెమ్మదిగా తిప్పి వేడి చేసి, ఒక రోజు పడుకోబెడితేగానీ మాట వినవు. ఎల్లుండి పొద్దున్న."

"ఎల్లుండి. ఒక్కసారే," అని ఓనరు వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం పిడుగు కొత్త టైర్లతో నాలుగు రౌండ్లు, పెళ్ళికూతురు నడిచినట్టు, నెమ్మదిగా తిప్పుకొచ్చింది. టైర్లు విప్పుతుండగా చినుకులు మొదలయ్యాయి. తలో టైరూ దొర్లించుకుంటూ ఇద్దరూ షెడ్డులోకి పరుగెత్తారు. రేకుల మీద వాన. ఆమె కనురెప్పల మీద రెండు చుక్కలు. గాలి వాటిని చూడకూడదనుకుంటూ చూశాడు.

"ధ్యాస ఎటు పోయింది మాస్టారూ?"

"గొడుగు కిందికి."

"అక్కడేముంది?"

"మీరిద్దరూ."

"ఇద్దర్లో ఎవరి కోసం?"

"గ్రాఫు కోసమైతే ఎప్పుడో చెప్పేసుండేవాణ్ణి."

ఆమె పెదవి కదిలింది. వెంటనే బిగుసుకుంది. "అంటే మీ కడుపు మంటకి నా సీటు తగలబెట్టారన్నమాట."

"అవును."

"మూడేళ్ళు నోట్లో ఏం పెట్టుకున్నారు? వాల్వు మూతా?"

"ఏం చెప్పాలి? ఏడో తరగతివాణ్ణి. వాడు పదహారేళ్ళు చదివాడు."

"నేనేమైనా మార్కులు అడిగానా?" గొంతు పెంచింది. "ఎందుకు నవ్వానో తెలుసా? మీ గురించే. మీరు టైర్లకి దుప్పటి కప్పి 'పడుకోండమ్మా' అంటారే, గ్రాఫు దాన్ని అచ్చు మీలాగే చేసి చూపించాడు."

గాలి మొహం నల్లబడింది. గోరుచుట్టు మీద రోకటిపోటు.

"నవ్వాను, ఏం చెయ్యను, అలాగే ఉంది మరి. ఆ తర్వాత వాడికి చెప్పాను. ఆయన అలా జోకొడతాడు కాబట్టే నేను మలుపులో కళ్ళు మూసుకుని కూడా తిప్పగలను అని. ఇవాళ అలా నమ్మే తిప్పాను. జారింది." ఆమె టైరు మీద దుప్పటి తనే లాగి కప్పింది. "ఎల్లుండి పది రౌండ్లు అయ్యేదాకా నాతో మాట్లాడకండి."

మాట్లాడలేదు. ఆ రెండు రోజులూ గ్రాఫు మీద కూడా అసూయ పడలేదు. అంత తీరిక లేదు.

మూడోనాడు పొద్దున్న కారు నీడలోనే ఉంది. గంట కాదు, రెండు గంటలు. రేకు సందులోంచి ఎడమ టైరు మీద వేలెడు ఎండ పడుతుంటే గాలి గ్రాఫుని పిలిచాడు.

"బాబూ, ఆ గొడుగు ఇలా పట్టుకుని నిలబడు."

"ఎంతసేపు బ్రదర్?"

"నేను చాలనేదాకా."

గ్రాఫు పాపం మారు మాట్లాడకుండా పట్టుకున్నాడు. చెడ్డవాడేం కాదు. అదే గాలికి ఇంకా చిరాకు.

పది రౌండ్లు. తేడా సెకనులో మూడో వంతు కూడా లేదు. గ్రాఫు పది గీతలూ ఒకదానిమీద ఒకటి పెట్టి చూపిస్తే ఒకే గీతలా కనిపించాయి. బాగుందని గాలి ఒప్పుకోవాల్సొచ్చింది, మనసులోనే.

పిడుగు దిగింది. గాలి వైపు చూడకుండా నేరుగా పెదనాన్న దగ్గరికెళ్ళింది.

"సీటు నాదేనా?"

"నీదే తల్లీ."

"అయితే ఇంకోటి కూడా అడుగుతాను. మాస్టార్ని పెళ్ళి చేసుకుంటాను."

గాలి చేతిలో గేజీ కింద పడింది.

"వీణ్ణా!" అన్నాడు ఓనరు. "వీడికి అసూయ పుడితే టైర్లు మాడతాయే!"

"తప్పు దాచిపెట్టేసుండొచ్చు పెదనాన్నా. నన్నూ గ్రాఫునీ కొట్టుకోమని చూస్తూ కూర్చునుండొచ్చు. లేచి చెప్పాడు. ఇంకెవర్ని తెస్తారు నాకు?" ఆమె వెనక్కి తిరిగింది. "ఏం మాస్టారూ, మీకు ఇష్టమేనా? లేక దీన్నీ ఒక రోజు పడుకోబెట్టాలా?"

"ఇష్టమే," అన్నాడు గాలి. గొంతులో గాలి లేదు. "మూడేళ్ళనుంచీ ఇష్టమే."

ఓనరు ఇద్దర్నీ దగ్గరికి పిలిచాడు. పిడుగు తలమీద చెయ్యి పెట్టాడు. గాలి భుజం మీద ఇంకో చెయ్యి వేసి, కొంచెం గట్టిగానే నొక్కాడు.

"చల్లగా ఉండండి. పిల్ల మీ ఇంటికి వస్తుంది, అది నా సంతోషం. మాడిన సెట్టు మాత్రం నీ జీతంలోంచి వస్తుంది, అది నా పద్ధతి. ఏమంటావు అల్లుడూ?"

అల్లుడు ఏమంటాడు? అన్నాడు కదా, ఇష్టమేనని. ఒక్కో టైరు పదకొండు వేల ఆరువందలు, నాలుగూ కలిపి నలభై ఆరు వేల నాలుగు వందలు.